బోర్డు మీద నూట ఎనభై అయిదు

పన్నెండేళ్ళు ఐర్లండ్‌లో గుర్రపు లద్దె ఎత్తాను. మాటవరసకి అనడం లేదు, అదే నా ఉద్యోగం. రెండేళ్ళ కిందట మోకాళ్ళు మొరాయించి మానేశాను. ఇప్పుడు డబ్లిన్ నుంచి మా ఊరు చూడ్డానికి వచ్చే పిల్లలు, లెపర్డ్స్‌టౌన్‌లో అద్దాల మేడల్లో కూర్చుని పనిచేసేవాళ్ళు, మా ఇంట్లో పెసరట్టు తింటూ, "ఆంటీ, మీరు హార్సెస్‌తో వర్క్ చేశారట కదా, సో పీస్‌ఫుల్!" అంటారు. పీస్‌ఫుల్లట, నా మొహం! అందుకే మీకోసం ఇది రాస్తున్నాను. ఇందులో గొప్పలేమీ లేవు. నేను తెలివైనదాన్ని అనుకుని చేసిన ఒక వెధవపని ఉంది. దానివల్ల ఒక గుర్రం ప్రాణం మీదికి వచ్చింది.

మా ఆయన షానన్‌లో మెడికల్ డివైసుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. మేం ఎన్నిస్‌లో ఉంటాం. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక నా బీకాం కాగితం పట్టుకుని ఊరంతా తిరిగాను. ప్రతిచోటా నవ్వుతూ మాట్లాడారు, నవ్వుతూనే పంపించేశారు. ఈ దేశంలో కాదనడం కూడా ఎంత మర్యాదగా ఉంటుందంటే, ఇంటికొచ్చి సగం టీ తాగేదాకా మనకి ఉద్యోగం రాలేదని తెలియదు. చివరికి కిరాణాకొట్టు గోడ మీద ఒక చీటీ చూశాను. ఊరి బయట గుర్రాలశాలలో మనిషి కావాలి, అనుభవం అక్కర్లేదు అని ఉంది.

వెళ్ళాను. ఆ శాల యజమానురాలు అరవై దాటిన మనిషి. నేను ఆవిణ్ణి మనసులో దొరసాని అనుకునేదాన్ని గానీ ఆవిడ వేషం చూస్తే మన పాలేళ్ళే నయం. స్వెట్టర్‌కి మూడు చిల్లులు, బూట్ల నిండా బురద.

"గుర్రాలంటే భయమా?" అని అడిగింది.

"తెలీదండీ, ఎప్పుడూ పరిచయం కాలేదు," అన్నాను.

"గ్రాండ్. సోమవారం రా," అంది. మా ఆయన నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూలు చేసి తెచ్చుకున్న ఉద్యోగం నాకు నాలుగు మాటల్లో వచ్చింది.

ఆ సంగతి మా ఆయనకి పెద్దగా ఆనందం కలిగించలేదు. తెలుగువాళ్ళ భోజనాల్లో ఎవరైనా "ఆంటీ ఏం చేస్తున్నారు అంకుల్?" అని అడిగితే, "ఈక్వైన్ సెక్టార్‌లో ఉంది," అని చెప్పి పులిహోర గిన్నె వైపు నడిచేవాడు. అదేమిటో తెలియక అందరూ గౌరవంగా తలలూపేవాళ్ళు. ఒకాయనైతే ఆ సెక్టార్ షేర్లు ఇప్పుడు కొనచ్చా అని నన్నే అడిగాడు. "వద్దు బాబూ, వాసనొస్తాయి," అన్నాను.

ఆ శాలలో ఆరు గుర్రాలుండేవి. అన్నీ నార్వే నుంచి వచ్చిన ఫ్యోర్డ్ జాతివి. ఐర్లండ్ అనగానే సన్నకాళ్ళ రేసుగుర్రాలను ఊహించుకోకండి. ఇవి పొట్టిగా, గట్టిగా, మీగడ రంగులో ఉంటాయి. జూలులో పక్కలనున్న వెంట్రుకలు తెలుపు, నడిమధ్యన నల్లచార. ఆ జూలును కత్తిరించి నిలబెట్టాలి. పక్క తెల్లజుట్టు కాస్త పొట్టిగా, మధ్య నల్లజుట్టు కాస్త ఎత్తుగా, మెడ పొడవునా చంద్రవంక ఆకారం వచ్చేలా కత్తెర వెయ్యాలి. నేను తెనాలిలో లేడీస్ టైలరు కూతుర్ని. మొదటివారమే కత్తెర అందుకున్నాను. అది చూసి దొరసాని నా చేతిని మెచ్చుకుంది. ఆ మెప్పుతోనే మొదలైంది నా కొంప ముంచిన వ్యవహారం అంతా.

వాటి నార్వే పేర్లు నాకు నోరు తిరగలేదు. అన్నిటికీ నా పేర్లు పెట్టుకున్నాను. వాటిలో పెద్ద ఆడగుర్రం పేరు ఆడపడుచు. ఎంత పెట్టినా చాలదంటుంది, తనది వదిలేసి పక్కవాళ్ళ తొట్టిలోకి తొంగి చూస్తుంది, మాట పడితే గోడకేసి తిరిగి నిలబడుతుంది. కానీ వాకిట్లో నిలబడితే ఇంటికి ఆవిడే కళ. నా అసలు ఆడపడుచులు తెలుగు చదవడం మానేసి చాలాకాలమైంది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఈ ఆడపడుచుని పిల్లగా ఉన్నప్పుడే దొరసాని భర్త నార్వే నుంచి ఏరి తెచ్చాడు. నేను పనిలో చేరిన నాలుగేళ్ళకు ఆయన పోయాడు. అదే ఏడాది చలికాలం ముందు ఆడపడుచుకి గిట్టల జబ్బు వచ్చింది. ఇక్కడి గడ్డి మహా బలమైనది. కొండల మీద రాళ్ళ మధ్య గడ్డిపరకలు ఏరుకుని బతికే జాతిని తెచ్చి మా క్లేర్ జిల్లా పచ్చికలో వదిలితే, పండగనాడు అరిసెల బుట్ట ముందు షుగరు మనిషిని కూర్చోబెట్టినట్టే. ఒళ్ళు వస్తుంది, ఆ కొవ్వు కాళ్ళకి చేటు తెస్తుంది, గిట్ట లోపల వాచిపోతుంది. అంత బరువు మోసే జంతువు అడుగు వెయ్యలేక నిలబడిపోతుంది.

అప్పటికి ఎలాగో నయమైంది. వెటర్నరీ డాక్టరు మాత్రం కచ్చితంగా చెప్పాడు. "ప్రతి సోమవారం ఛాతీ చుట్టుకొలత తియ్యండి. నూట ఎనభై ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే మూతికి చిక్కం కట్టండి, నీళ్ళలో నానబెట్టిన ఎండుగడ్డి తప్ప మరేమీ పెట్టకండి. ఈ జబ్బు మళ్ళీ వస్తే నేను మందులసంచితో రాను. ఎందుకొస్తానో మీకు తెలుసు."

దొరసాని ఆ నియమాలన్నీ దాణాగదిలో నల్లబోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించింది. కింద ఒక గడి. ఆ గడిలో ఆ వారం కొలత రాయాలి. టేపు నా చేతికిచ్చింది. "నీకంటే బాగా ఎవరు కొలుస్తారు?" అంది. నిజమే కదా అనుకున్నాను. పుట్టినప్పటి నుంచి టేపు మెళ్ళో వేసుకు తిరిగిన వంశం మాది.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. ఒక కామందుగారి భార్య ఏటా జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేది. "పాత కొలతలే కదా బాబూ?" అనేది. నాన్న టేపు చుట్టి, "పాతవేనమ్మా, మీరు ఇసుమంతైనా మారలేదు," అనేవాడు. నోటుపుస్తకంలో మాత్రం అసలు అంకె రాసుకుని, రెండంగుళాలు ఎక్కువ వదిలి కుట్టేవాడు. జాకెట్టు సరిపోయేది, ఆవిడ మురిసిపోతూ వెళ్ళేది. "కొలత మనకి, మాట వాళ్ళకి. రెండూ కలిపితే బేరాలు పోతాయే," అని నాకు చెప్పేవాడు. తెనాలిలో ఎంతమంది ఆడవాళ్ళు ఇరవయ్యేళ్ళ పాటు ఒకే నడుముతో బతికారో, అంతా మా నాన్న చలవే.

ఏప్రిల్‌లో ఒక సోమవారం టేపు నూట ఎనభై ఏడు చూపించింది.

దొరసాని రోజూ ఆ వేళకి టీ కప్పు పట్టుకుని బోర్డు చూడ్డానికి వచ్చేది. భర్త పోయాక ఆవిడ నాలుగు నెలలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఈమధ్యే కాస్త తేరుకుంది. పొద్దున్నే ఆడపడుచుని పచ్చికలో వదిలి, కంచె పట్టుకుని నిలబడి అది మేస్తుంటే చూసేది. అలా చూస్తున్నప్పుడు మాత్రమే ఆవిడ మొహంలో నవ్వు కనబడేది. చిక్కం కడితే ఆ నవ్వు పోతుంది. ఒక్క సెంటీమీటరేగా! పొట్టలో గాలి కావచ్చు, గుర్రం ఊపిరి బిగబట్టి ఉండచ్చు. గడిలో నూట ఎనభై అయిదు అని రాశాను. నా నోటుపుస్తకంలో నూట ఎనభై ఏడు రాసుకున్నాను. ఎండుగడ్డి రెండు గుప్పెళ్ళు తగ్గించాను. ఆవిడ వచ్చి, బోర్డు చూసి, "గ్రాండ్," అంది. నాకు నాన్న గుర్తొచ్చి గర్వంగా కూడా అనిపించింది. సిగ్గులేకపోతే సరి!

నేను మరచిపోయిన విషయం ఒకటుంది. నాన్న దుకాణంలో కొలిచేది, కత్తిరించేది, కుట్టేది అన్నీ నాన్నే. ఇక్కడ శని ఆదివారాల్లో నాకు సెలవు. ఆ రెండు రోజులూ పక్క పొలంలో ఉండే ఒక రిటైరైన బస్సు డ్రైవరు గుర్రాల పని చూసేవాడు. మహా మంచివాడు, బోర్డు మీద ఎలా ఉంటే అలా చేసేవాడు. నలభై ఏళ్ళు టైముటేబుల్ ప్రకారం బతికిన మనిషి కదా. గడిలో అంకె నూట ఎనభై ఆరు లోపు ఉంది కాబట్టి ఆడపడుచుకి చిక్కం లేకుండా మేత, పైగా ఒక చిప్ప దాణా. అంకె బాగుందన్న సంతోషంతో ఇంకో అరచిప్ప.

"నిన్న కొంచెం ఎక్కువ పెట్టానమ్మా," అనేవాడు సోమవారం పొద్దున ఎదురైతే. "పాపం, నా వంక ఎలా చూసిందో నీకు తెలీదు."

తెలీకేం? మా ఇంట్లో అందరూ అలా చూసి తిన్నవాళ్ళే. ఆయనకి వద్దని చెప్పాలంటే బోర్డు అబద్ధమని చెప్పాలి. నవ్వి ఊరుకున్నాను. అయిదు రోజులు నేను గుట్టుగా కుట్టినదాన్ని రెండు రోజుల్లో ఆయన బహిరంగంగా విప్పేవాడు.

నోటుపుస్తకంలో నూట ఎనభై ఎనిమిది అయింది, తరవాత నూట తొంభై. బోర్డు మీద నూట ఎనభై అయిదు, మళ్ళీ నూట ఎనభై అయిదు. మరీ ఒకే అంకె అయితే అనుమానం వస్తుందని ఒకవారం నూట ఎనభై నాలుగు రాశాను. అబద్ధంలో కూడా పనితనం చూపించానన్నమాట. నవ్వకండి. మీ ఆఫీసుల్లో ప్రాజెక్టు మునిగిపోతుంటే మేనేజరుకి చూపించే బొమ్మలో ప్రతి గడికీ పచ్చరంగు పులుముతారని మీరే నాకు చెప్పారు. మీది కంప్యూటరు, నాది సుద్దముక్క, అంతే తేడా.

జూన్‌లో ఒక సోమవారం ఇంక ఆగలేక, "ఆ అంకె గురించి ఒక మాట చెప్పాలండీ," అని మొదలుపెట్టాను.

"నేనూ నీకో మాట చెప్పాలి," అంది దొరసాని. "వచ్చేనెల షోకి దీని పేరు ఇచ్చేశాను. ఆయన ఉన్నప్పుడు ఎప్పుడూ అడిగేవాడు, నేనే బద్ధకించాను. నూట ఎనభై అయిదు దగ్గర ఇంత నిలకడగా ఉంటే ఇంకా దేనికి ఆగాలి? రింగులో నువ్వే నడిపించాలి. దాని అందమంతా నీ కత్తెరదే." ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. "ఇంతకీ ఏదో చెప్పాలన్నావు?"

"ఏం లేదండీ, సుద్దముక్కలు అయిపోయాయి," అన్నాను. ఆ రోజు నోరు తెరిచి ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

షో అంటే మన సంతా తిరనాళ్ళూ కలిసినట్టు ఉంటుంది. ఆవులు, గొర్రెలు, జాములు, కేకులు, అన్నిటికీ పోటీలే. మా ఆయన ఎన్నిస్‌లోని ఇంకో రెండు తెలుగు కుటుంబాలను కూడా కార్లెక్కించి తీసుకొచ్చాడు. ఈక్వైన్ సెక్టార్ రింగులోకి దిగేసరికి ఒక్కసారిగా ఆయనకి నామీద గౌరవం పెరిగిపోయింది. వచ్చినవాళ్ళలో ఒకావిడ ఆడపడుచుని చూసి, "ఎంత బొద్దుగా, ముద్దుగా ఉందండీ! మా పిల్లలకి మీరే తిండి పెట్టాలి ఆంటీ," అంది. వాళ్ళ పిల్లాడు, "ఇట్స్ ఫ్యాట్, మమ్మీ," అన్నాడు. ఆ రోజు ఆ మైదానంలో నిజం మాట్లాడింది వాడొక్కడే. వాళ్ళమ్మ వాడి నెత్తిన ఒక్కటి మొట్టింది.

లారీ చెక్కపలక మీంచి దిగేటప్పుడే ఆడపడుచు అడుగులు కురచగా పడ్డాయి. ప్రయాణం బడలికేమో అనుకున్నాను. అనుకోవడం కాదు, అలా అనుకోవాలని గట్టిగా ప్రయత్నించాను.

ముందు ఎత్తు కొలవాలి. మా తరగతిలో నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లు దాటకూడదు. దానికి ముగ్గురు మగవాళ్ళు, ఒక సిమెంటు పలక, రసమట్టం బిగించిన పొడుగాటి కొలకర్ర. పలక వాలుగా ఉందని ఒకాయన, వాలు లేదు నీ కళ్ళజోడే వంకరని ఇంకొకాయన. గుర్రం తల దించమన్నారు, ఎత్తమన్నారు, మళ్ళీ దించమన్నారు. కర్రను మూపు మీద ఆనించి మూడుసార్లు కొలిచి, నూట నలభై మూడు అని తేల్చి, ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఆరేళ్ళ వయసు దాటాక గుర్రం ఎత్తు మారదు. మారనిదాన్ని ముగ్గురు పెద్దమనుషులు అంత నిష్ఠగా కొలిచారు. మారేదాన్ని కొలిచే బాధ్యత నాది.

రింగులో తొమ్మిది గుర్రాలు. జడ్జిగారు గుండ్రటి టోపీ పెట్టుకుని, కోటు బొత్తాలు పట్టక తెరిచి వదిలేసి, చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు. ఆడపడుచు ముందు ఆగి మెడ తట్టాడు. నేను కత్తిరించిన చంద్రవంక కింద కొవ్వు చెక్కలా గట్టిపడి ఉంది. "ఆహా! మెడంటే ఇలా ఉండాలి," అన్నాడు. పక్కటెముకల మీద చెయ్యేసి నిమిరాడు. వాటి జాడ ఆయనకేం తగుల్తుంది, నాకే తగిలి మూడు నెలలైంది. "ఎంత మంచి కండ! పెంచడం తెలిసినవాళ్ళు పెంచిన గుర్రం." పక్కన బక్కగా, చక్కగా, ఆరోగ్యంగా ఉన్న ఒక గుర్రాన్ని చూసి, "ఇది కొంచెం చిక్కినట్టుంది, పాపం," అని ముందుకు వెళ్ళిపోయాడు. అచ్చం మన పెళ్ళిభోజనాల్లో పెద్దవాళ్ళే. ఒళ్ళు తగ్గించుకుని బాగుపడ్డవాణ్ణి పట్టుకుని ఏమైంది నాయనా అని కన్నీళ్ళు పెట్టుకుంటారు, షుగరూ బీపీ పెంచుకున్నవాణ్ణి దిష్టి తగుల్తుంది అంటారు.

మా గుర్రాన్ని వరసలో మొదట నిలబెట్టారు. ఆఖరుగా ఒక్కొక్కటీ పరిగెత్తి చూపించాలి. అక్కడ నిలబడి ఉండగా ఆడపడుచు ముందుకాళ్ళు చాచి, బరువంతా వెనక్కి వేసింది. తరవాత ఎడంకాలు ఎత్తి దించింది, కుడికాలు ఎత్తి దించింది. నేను వంగి గిట్ట మీద చెయ్యి పెట్టాను. పెనం దించిన పొయ్యిలా వేడిగా ఉంది. మడమ పైన వేళ్ళు పెడితే నాడి డబడబ కొట్టుకుంటోంది. వానలు లేక నేల రాయిలా ఉంది. ఆ నేల మీద పరిగెత్తిస్తే లోపల ఏమవుతుందో నాకు తెలుసు. డాక్టరు అంతకుముందే బొమ్మ గీసి మరీ చెప్పాడు.

"పరిగెత్తించమ్మా," అన్నాడు జడ్జి.

నేను కదల్లేదు. కంచె అవతల దొరసాని చేతులూపుతూ వెళ్ళు వెళ్ళు అంటోంది. ఆవిడ పక్కన మా ఆయన ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. నాకు ఇంగ్లీషు ముక్క రాలేదు. "దాని కాళ్ళు నెప్పండీ," అన్నాను తెలుగులోనే. జడ్జి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. అప్పుడు ఇంగ్లీషులో చెప్పాను, కాళ్ళు నొప్పిగా ఉన్నాయి, పరిగెత్తించను అని.

జడ్జి గొంతు తగ్గించాడు. "ఒక్కసారి అటూ ఇటూ తీసుకెళ్ళమ్మా చాలు. మొదటి బహుమతి దీనికే అనుకున్నాను."

"వద్దండీ."

"ఒక్క పది అడుగులు."

"ఒక్క అడుగు కూడా వెయ్యనివ్వను," అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. రింగు చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

దొరసాని తాడు కింది నుంచి దూరి వచ్చేసింది. "ఏమైంది? కాళ్ళేంటి? బోర్డు మీద నూట ఎనభై అయిదేగా?"

"బోర్డు అబద్ధమండీ. నూట తొంభై రెండు. ఏప్రిల్ నుంచీ నేను అబద్ధం రాస్తున్నాను."

ఆవిడ నా మొహం వంక చూడలేదు. వంగి గిట్ట మీద చెయ్యి పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. లేచి, "డాక్టర్ని పిలవండి," అని అరిచింది. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మొదటి బహుమతికిచ్చే ఎర్ర రిబ్బను మాకు కాకుండా మా తరవాతి గుర్రానికి వెళ్ళింది. అది మా దానికంటే లావు. జడ్జి దాని మెడ కూడా తట్టి కండ చాలా బాగుందన్నాడు. ఆ సాయంత్రానికి ఎన్నిస్ తెలుగు గ్రూపులో ఒక మెసేజి: "ఆంటీ హార్స్‌కి ఫస్ట్ ప్రైజ్ వచ్చేదంట, లాస్ట్ మినిట్‌లో ఆంటీ టెన్షన్ పడి స్పాయిల్ చేశారంట. నెక్స్ట్ టైమ్ బెటర్ లక్ ఆంటీ." కింద పదిహేడు దణ్ణాలు.

షోలో ఉన్న డాక్టరు అక్కడికక్కడే సూది వేసి, గిట్టల కింద మెత్తటి దిళ్ళలాంటివి పెట్టి పట్టీలు చుట్టి, లారీలో జాగ్రత్తగా ఇంటికి పంపాడు. మర్నాడు మా డాక్టరు వచ్చాడు. ఆయన తెచ్చిన సంచి ఏదో చూడ్డానికి నాకు ధైర్యం చాలక గుమ్మం బయటే నిలబడ్డాను. లోపలికి పిలిచాడు. అసలు కొలతలు ఎక్కడైనా ఉన్నాయా అని అడిగాడు. నోటుపుస్తకం తీసి ఏప్రిల్ నుంచి ఒక్కో అంకె చదివాను. నేను చదువుతుంటే ఆయన రాసుకున్నాడు. బస్సు డ్రైవరు తలుపు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని, "అయితే నేనే దానికి పెట్టి పెట్టి..." అని ఆగిపోయాడు. అరవై ఏడేళ్ళ మనిషి ఏడ్చాడు. తప్పు నాది, ఏడుపు ఆయనది.

"పరిగెత్తించి ఉంటే ఈపాటికి ఏం చెయ్యాలో ఆలోచించే పని ఉండేది కాదు," అన్నాడు డాక్టరు చివరికి. "ఇప్పుడు కూడా మాటివ్వలేను. మూడు నెలలు చూద్దాం."

ఆ మూడు నెలలూ దాన్ని కొట్టం దాటనివ్వలేదు. మోకాలి లోతు రంపపుపొట్టు పరిచాను. రోజుకు మూడుసార్లు గిట్టలు చల్లటి నీళ్ళలో పెట్టాను. ఎండుగడ్డి తూచి, నానబెట్టి, పిండి పెట్టాను. సెలవులడగలేదు, శని ఆదివారాలు కూడా వెళ్ళాను. దొరసాని ఒక్కమాట మాట్లాడలేదు. టీ మాత్రం ఎప్పటిలాగే రెండు కప్పులు తెచ్చి, ఒకటి నా దగ్గర గోడ మీద పెట్టి వెళ్ళిపోయేది. తిట్టినా బాగుండేది. మనవాళ్ళయితే ఏడుతరాలనూ తవ్వి తిట్టి, సాయంత్రానికి అన్నం తిన్నావా అని అడిగేవాళ్ళు.

ఇరవయ్యో రోజున ఆవిడ కప్పు పెట్టి వెళ్ళకుండా నిలబడింది.

"ఎందుకు చేశావు?" అంది.

నేను తయారుచేసుకున్న జవాబులన్నీ మర్చిపోయాను. "మీరు నవ్వుతున్నారని," అన్నాను.

ఆవిడ గుర్రం వైపు తిరిగింది. "నా నవ్వు కోసం నా గుర్రాన్ని చంపబోయావన్నమాట," అంది. "నేను నవ్వు అడిగానా నిన్ను? అంకె అడిగాను."

నలభై ఏళ్ళు మా నాన్న మాట వేదమనుకున్నాను. జాకెట్టు పిగిలితే మళ్ళీ కుట్టుకోవచ్చు అన్న చిన్న ముక్క నాకు తట్టలేదు.

ఆడపడుచు బతికింది. అక్టోబరులో మెత్తటి ఇసుకలో నాలుగడుగులు వేసింది. మరి ఎప్పుడూ ఏ షోకీ వెళ్ళలేదు. నన్ను పనిలోంచి తీసేస్తారని మా ఆయన, నేను కూడా అనుకున్నాం. తీసెయ్యలేదు. ఒక సోమవారం దొరసాని దాణాగదిలోకి వచ్చి, మేకుకి వేలాడుతున్న టేపు తీసి తన కోటుజేబులో వేసుకుంది. "ఇకనుంచి నేను కొలుస్తాను," అంది. జూలు కత్తిరించే పని, మందులు వేసే పని, చివరికి ఇంటి తాళాలు కూడా నా దగ్గరే ఉంచింది. టేపు ఒక్కటే ముట్టుకోనివ్వలేదు. ప్రతి సోమవారం ఆవిడ కొలిచి అంకె పైకి చదివేది, నేను బోర్డు మీద రాసేదాన్ని. టైలరు కూతురినై ఉండి, ఆరేళ్ళ పాటు ఇంకొకరు కొలుస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

నా ఆఖరి సోమవారం కూడా ఆవిడే కొలిచింది. అప్పటికి ఆవిడకి డెబ్భై దాటాయి. వేళ్ళు కీళ్ళ దగ్గర వాచి ఉన్నాయి. ఆడపడుచు కూడా ముసలిదైంది. వసంతకాలం, బయట గడ్డి ఏపుగా పెరిగి ఉంది, గుర్రం గుమ్మం వైపే చూస్తోంది. ఆవిడ టేపు చుట్టి, కళ్ళజోడు సర్దుకుని, "నూట ఎనభై అయిదు," అంది సంతోషంగా. "ఇవాళ దీన్ని బయటికి వదలచ్చు. నువ్వు వెళ్ళేముందు చూసి వెళ్ళచ్చు."

గుర్రం మోచేతి వెనక టేపు బిగిసి వెంట్రుకల్లోకి దిగి ఉండటం నాకు కనిపించింది. బిగిసిన టేపు ఎంత తక్కువ చూపిస్తుందో నాకు తెలుసు. సుద్దముక్క నా చేతిలో ఉంది. రేపటి నుంచి నేను రాను. ఆవిడ నవ్వుతోంది.

"తప్పు," అన్నాను. "టేపు బిగిసింది. మళ్ళీ కొలవండి."

పన్నెండేళ్ళలో ఆవిడతో అంత మొరటుగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. టేపు వదులు చేసి, సరిచేసి, మళ్ళీ కొలిచింది. "నూట ఎనభై ఎనిమిది," అంది. నేను నూట ఎనభై ఎనిమిది రాశాను.

చిక్కం ఆవిడే తెచ్చింది. కట్టబోతే వేళ్ళు సహకరించలేదు. దాని బకిల్ నన్ను పెట్టనిచ్చింది. టేపు మాత్రం చుట్టచుట్టి తన జేబులోనే వేసుకుంది.